మనసు నొచ్చిన మాటను వదిలేయడం ఎలా? సరిహద్దు ఊళ్ళ విశ్వాసులకు ఒక మార్గదర్శి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు సంఘాల్లో ఇద్దరి మధ్య మాటలు ఆగిపోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. శుభలేఖలో పేరు తప్పిపోయినా చాలు. కోయిర్‌లో ఏళ్ళ తరబడి పాడుతున్న పాట ఈసారి వేరొకరికి ఇచ్చినా చాలు. పెళ్ళి ఆరాధనలో మేనమామను ముందుకు పిలవడం మర్చిపోతే ఇక చెప్పనే అక్కర్లేదు, మూడు క్రిస్మస్‌లు గడిచినా ఆ ఇంటి గడప తొక్కరు.

పైగా మనది సరిహద్దు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఊరు ఒడిశాలోకి వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది. బంధుత్వాలు మాత్రం ఆ గీతను పట్టించుకోలేదు. పిల్లనిచ్చేది అటు, కోడల్ని తెచ్చుకునేది ఇటు. అటు వెళ్తే "మీది ఒడిశా తెలుగమ్మా" అని నవ్వుతారు. ఇటు ఉంటే "తెలుగోళ్ళు" అని పక్కన పెడతారు. రెండు వైపులా మాట పడేవాళ్ళకి, పడిన మాటను ఏం చేయాలో తెలిసి ఉండడం నిత్యావసరం.

సామెతలు 19:11 ఇలా అంటుంది: "ఒకని సుబుద్ధి వానికి దీర్ఘశాంతము నిచ్చును, తప్పులు క్షమించుట అట్టివానికి ఘనతనిచ్చును." అవతలి వాళ్ళు వచ్చి అడగకుండానే, పంచాయితీ లేకుండానే, చిన్న తప్పును అక్కడికక్కడ వదిలేయడం గురించి ఈ వ్యాసం. ఒక విషయం ముందే చెప్పాలి. ఊరుకోవడం వేరు, వదిలేయడం వేరు. నోరు మూసుకుని లోపల లెక్క రాసుకునేవాళ్ళు మన సంఘాల్లో కావలసినంత మంది ఉన్నారు. వాళ్ళకి మంచివాళ్ళని పేరు కూడా ఉంటుంది. వాళ్ళు ఏదీ వదిలేయలేదు, వాయిదా వేశారంతే.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. క్రిస్మస్ ప్రేమ విందు. ఒక అక్క తెల్లవారుజామున నాలుగింటికే చర్చి వెనక షెడ్డులో కూర్చుని ఉల్లిపాయలు తరిగింది, గుమ్మడికాయ ముక్కలు కోసింది, దాల్మా గుండిగ దగ్గర పొగలో నిలబడి గరిటె తిప్పింది. టమాటా ఖట్టాలో బెల్లం సరిపోయిందో లేదో మూడుసార్లు చూసింది. మధ్యాహ్నం అందరూ తిన్నాక సెక్రటరీగారు మైకు పట్టుకుని కృతజ్ఞతలు చదివారు. బియ్యం ఇచ్చినవాళ్ళు, టెంట్‌హౌస్‌వాళ్ళు, సౌండ్ బాక్సుల కుర్రాడు, అందరి పేర్లూ వచ్చాయి. వంటకి మాత్రం ఆవిడ తోటికోడలి పేరు చదివారు. ఆ తోటికోడలు పట్టుచీర కట్టుకుని పదింటికి వచ్చి, వడ్డన దగ్గర నిలబడింది. చప్పట్లు కొట్టేటప్పుడు ఆవిడ "అయ్యో, మా అక్క చేసింది" అననైనా అనలేదు. మన అక్క చేతులకి ఇంకా ఉల్లి వాసన పోలేదు.

ఇప్పుడు ఆ అక్క ఏం చేయాలి?

ముందు తేల్చుకోవాల్సింది: ఇది వదిలేయదగ్గదేనా?

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. మన ప్రసంగాల్లో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. "ప్రేమ అనేక పాపములను కప్పును" అని 1 పేతురు 4:8 చదివి, కప్పకూడనివి కూడా కప్పమని చెప్పేస్తాం.

మిమ్మల్ని మీరు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. దీనివల్ల నా మనసు తప్ప ఇంకేమైనా దెబ్బతిందా? నేను వదిలేస్తే రేపు ఇంకొకరికి ఇదే జరుగుతుందా? ఇది ఒకసారి జరిగిందా, అలవాటా? చేసిన మనిషి దీనివల్ల తానే పాడైపోతున్నాడా? వీటికి జవాబులు "లేదు, లేదు, ఒకసారే, లేదు" అయితే అది వదిలేయదగ్గదే. ప్రేమ విందు సంగతి అలాంటిదే. నొప్పి నిజం, నష్టం మాత్రం ఒక చప్పట్ల మోత.

ఇక వదిలేయకూడనివి. భర్త చెయ్యి చేసుకుంటుంటే అది వదిలేసే తప్పు కాదు. 2005 గృహహింస చట్టం ఉన్నది అందుకే, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉన్నదీ అందుకే. పిల్లల మీద లైంగికంగా ఎవరైనా చెయ్యి వేస్తే, వేసింది సంఘ పెద్దే అయినా సరే, ప్రార్థనలో పెట్టి సర్దేసే విషయం కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ ఫిర్యాదు చేయకపోవడమే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. సంఘం డబ్బు లెక్క తప్పితే పెద్దలు అడగాలి. కులం పేరు ఎత్తి ఎవరినైనా వెనక బెంచీకి పంపితే, ఆ అవమానం రేపు వాళ్ళ పిల్లలకి కూడా జరుగుతుంది. మంచి బట్టలవాడికి మంచి చోటు, బీదవాడికి కాళ్ళ దగ్గర చోటు ఇచ్చే సంఘాన్ని యాకోబు 2వ అధ్యాయం గట్టిగా నిలదీస్తుంది. అక్కడ ఊరుకోవడం దీర్ఘశాంతం కాదు.

పౌలు ఎక్కడ ఊరుకోలేదో చూడండి. ఫిలిప్పీలో అధికారులు విచారణ లేకుండా కొట్టించి, మర్నాడు గుట్టుగా వెళ్ళిపొమ్మంటే, వాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలన్నాడు (అపొస్తలుల కార్యములు 16:37). అంతియొకయలో పేతురు యూదులు కాని అన్యులతో కలిసి తినడం మానేస్తే అందరి ముందే అడిగాడు, ఎందుకంటే ఆ పనికి నష్టపోయింది అన్య విశ్వాసులందరూ. అదే పౌలు తాను జైల్లో ఉండగా కొందరు పోటీకి సువార్త ప్రకటిస్తూ తనకు బాధ కలిగించాలని చూస్తే, క్రీస్తు ప్రకటింపబడుతున్నాడు కదా అని సంతోషించాడు (ఫిలిప్పీ 1:15-18). తన పేరుకు తగిలింది వదిలేశాడు. ఇతరులకు తగిలింది వదల్లేదు.

మన రాష్ట్రంలోనే ఇంకో తేడా చూశాం. 1999 జనవరి 22 రాత్రి కెంఝర్ జిల్లా మనోహర్‌పుర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌ను, ఆరేళ్ళ తిమోతిని జీపులోనే తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకుల్ని క్షమించానన్నారు. అలాగని కేసు ఆగలేదు, ఆగాలని ఆవిడా అడ్డుపడలేదు. 2003లో శిక్షలు పడ్డాయి, 2011లో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడి యావజ్జీవాన్ని ఖాయం చేసింది. అంత పెద్ద గాయానికి ఇచ్చేది క్షమ. ఈ వ్యాసంలో చెప్పే వదిలేయడం అంతకంటే చాలా చిన్న పని. చిన్న పనిని పెద్ద గాయానికి వాడమని ఎవరైనా చెబితే వినకండి.

పాస్టర్లకి, పెద్దలకి ఇక్కడే ఒక మాట. వదిలేయాలా వద్దా అన్న నిర్ణయం దెబ్బ తిన్న మనిషిది. కోడలికి, పాలేరుకి, కొత్తగా వచ్చిన కుటుంబానికి "నువ్వే సర్దుకో తల్లీ" అని చెప్పడం తేలిక. మాటన్నవాడిని పిలిచి అడగడం కష్టం. తేలికైనది ఎంచుకుని దానికి వాక్యం జోడించకండి.

మొదటి గంటలో నోరు, ఫోను

సామెతలు 12:16 ప్రకారం మూఢుడి కోపం నిమిషంలో బయటపడుతుంది, వివేకి నిందను వెళ్ళగక్కడు. సామెతలు రాసినప్పుడు వాట్సాప్ లేదు కాబట్టి మనకి నిమిషం కూడా పట్టదు.

మొదటి గంటలో చేయకూడనివి ఇవి: సంఘం గ్రూపులో ఏమీ రాయకండి, "థాంక్స్ అందరికీ" అని పుల్లవిరుపుగా కూడా రాయకండి. ఇంటికి వెళ్తూనే అక్కకో చెల్లికో ఫోన్ చేయకండి. ముఖ్యంగా స్టేటస్‌లో వాక్యం పెట్టకండి. "మనుష్యులు పైరూపమును లక్ష్యపెట్టుదురు" అని గులాబీపూల ఫోటో మీద పెడితే ఎవరికి తగలాలో వాళ్ళకి తగులుతుంది. మీరు వాక్యాన్ని ధ్యానించినట్టు కాదు, రాయిగా విసిరినట్టు. మా వైపు సంఘాల్లో సగం తగాదాలు ఇలా స్టేటస్‌లలోనే నడుస్తున్నాయి.

చేయాల్సింది ఒకటే, శరీరానికి పని చెప్పండి. గిన్నెలు కడగండి, కుర్చీలు పేర్చండి, నడిచి ఇంటికి వెళ్ళండి. ఆకలిగా ఉంటే తినండి. ఆ అక్క పొద్దున్నుంచీ సరిగ్గా తినలేదు, ఖాళీ కడుపుతో తీసుకున్న నిర్ణయం ఏదీ మంచిది కాదు. యెజెబెలు బెదిరింపుకి పారిపోయి, చావాలనుకున్న ఏలీయాకి దేవదూత ముందు రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మాటలు ఆ తర్వాత.

జరిగింది ఎంత, మీరు కలుపుకున్నది ఎంత?

ఒక కాగితం తీసుకుని జరిగింది మాత్రమే రాయండి. కెమెరా పెట్టి ఉంటే ఏం కనబడేదో, ఏం వినబడేదో అంతే. "సెక్రటరీగారు వంటకి తోటికోడలి పేరు చదివారు. ఆవిడ ఏమీ అనలేదు." ఇంతే జరిగింది. "నన్ను కావాలని తక్కువ చేశారు" అన్నది మీరు కలుపుకున్నది. "ఆవిడే ముందు వెళ్ళి పేరు చెప్పుకుని ఉంటుంది" అన్నది కూడా. నిజం కావచ్చు, కాకపోవచ్చు. లిస్టు ఎవరో ముందురోజే రాసిచ్చి ఉండొచ్చు.

సరిహద్దులో దీనికి ఇంకో చిక్కు ఉంది. మన తెలుగులో పెద్దవాళ్ళని కూడా "నువ్వు" అనడం మామూలు. గుంటూరు నుంచి వచ్చిన పాస్టరుగారిని ఒక ముసలాయన "ఏటి బాబూ, నువ్వు ఎప్పుడొచ్చేవు?" అంటే అది ఆప్యాయత. ఆయనకి అది మర్యాద తప్పినట్టు వినబడుతుంది. ఒడియా ఇంట్లో పెరిగి మన సంఘానికి వచ్చే కోడలు మాట్లాడే తెలుగులో "గారు" ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. ఒకే మందిరంలో ముందు తెలుగు ఆరాధన, తర్వాత ఒడియా ఆరాధన జరిగే చోట, మన ప్రసంగం అరగంట ఎక్కువైతే బయట ఎండలో నిలబడ్డవాళ్ళు ఒక మాట అంటారు. అన్నది మన జాతినా, మన ప్రసంగం పొడవునా? రెండోదైతే, నిజం చెప్పాలంటే, వాళ్ళు తక్కువే అన్నారు.

ఇలా రాసుకున్నాక చాలా విషయాలు ఇక్కడే అయిపోతాయి. వదిలేయడానికి ఏమీ మిగలదు, ఎందుకంటే తప్పే జరగలేదు. అలా తేలితే మిగతా మెట్లు ఎక్కాల్సిన పని లేదు, వెళ్ళి పడుకోండి.

లెక్క వేసి చూసుకోవడం

తప్పు నిజంగానే జరిగింది అని తేలితే మత్తయి 18:23-35 తెరవండి. అందరికీ తెలిసిన ఉపమానమే, కానీ అంకెలు వేసుకుని చదివినవాళ్ళు తక్కువ.

తోటి దాసుడు బాకీ పడ్డది నూరు దేనారాలు. దేనారమంటే ఆ రోజుల్లో ఒక రోజు కూలి. అంటే వంద రోజుల కూలి. 2005 ఉపాధి హామీ చట్టం ఒక ఇంటికి ఏడాదికి హామీ ఇచ్చిన పని దినాలూ వందే. కాబట్టి అది చిల్లర కాదు. కూలి చేసుకునే ఇంటిని అడిగితే చెప్తారు, వంద రోజుల డబ్బు రాకపోతే పిల్లల ఫీజు ఆగిపోతుంది, ఇంటి కప్పు వేయడం ఆగిపోతుంది. నీకు జరిగింది ఏమీ కాదని యేసు అనలేదు. మీ నొప్పికి ఆయన ఒక అంకె ఇచ్చాడు, అది గౌరవంగా ఇచ్చిన అంకె.

ఇప్పుడు మొదటి దాసుడి బాకీ. పదివేల తలాంతులు. ఒక తలాంతు దాదాపు ఆరు వేల దేనారాలు. పదివేలని ఆరువేలతో హెచ్చిస్తే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి మూడు వందల రోజులు పనిచేసినా రెండు లక్షల సంవత్సరాలు పడుతుంది. ఆ బాకీ మొత్తం రాజు కొట్టేశాడు. కొట్టేయించుకున్న మనిషి రాజు దగ్గర నుంచి బయటికి వస్తూనే వంద రోజుల కూలి కోసం ఒకడి గొంతు పట్టుకున్నాడు.

క్రైస్తవుడు తప్పును వదిలేయడానికి బలం ఇక్కడి నుంచే వస్తుంది. "పోనీలే, మనకెందుకు" అనే సర్దుబాటు నుంచి కాదు. "కాలమే చూసుకుంటుంది" అనే ఓదార్పు నుంచి కూడా కాదు. ఎవరో ఒకరు ఆ బాకీ మోశారు. సిలువ మీద మోశారు. నేను కొట్టేస్తున్న వంద దేనారాలు నాకు కొట్టేసిన లెక్క నుంచి తీస్తున్నవి. "ప్రభువు మిమ్మును క్షమించినలాగున మీరును క్షమించుడి" అని కొలొస్సయి 3:13 చెప్పేది ఆ క్రమమే. ముందు ఆయన, తర్వాత మనం. ఇది నమ్మని మనిషి కూడా మంచితనంతో మాటలు వదిలేయగలడు, మన ఊళ్ళో అలాంటి పెద్దమనుషులు ఎంతోమంది ఉన్నారు. నమ్మిన మనిషికి మాత్రం వదలకపోవడానికి సాకు మిగలదు.

ఈ మెట్టు దగ్గర ఇంకో పని చేయండి. మీరు ఎవరి పేరు మర్చిపోయారో గుర్తు చేసుకోండి. ప్రసంగి 7:21-22 మొహమాటం లేకుండా చెప్తుంది: నీ పనివాడు నిన్ను తిట్టడం చెవిన పడితే దాన్ని లక్ష్యపెట్టకు, నువ్వూ ఇతరుల్ని ఎన్నోసార్లు తిట్టావని నీ మనసుకే తెలుసు. ఆ అక్క ఇంట్లో ఈస్టర్ రోజు తెల్లవారుజామునే నీళ్ళు మోసిన పనమ్మాయికి ఎవరైనా చప్పట్లు కొట్టారా?

ప్రార్థనలో ఏం చెప్పాలి

కీర్తనల్లో ఉన్నంత నిజాయితీగా చెప్పండి. కీర్తన 55లో దావీదు శత్రువు నిందిస్తే సహించేవాణ్ణే, అన్నది నా స్నేహితుడు, నాతో కలిసి మందిరానికి నడిచినవాడు అని ఏడ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని భక్తి భాష మాట్లాడకండి. "ప్రభువా, నాకు చాలా బాధగా ఉంది. నాలుగింటి నుంచి నేను చేశాను. ఆవిడ పేరు చదివారు. ఆవిడ నోరు తెరవలేదు. నాకు కోపంగా ఉంది, ఈర్ష్యగా కూడా ఉంది. నువ్వు చూశావు. నువ్వు చూశావన్నది నాకు చాలేలా చేయి. ఇది నేను ఆవిడ దగ్గర వసూలు చేయను." ఇలా, మీ మాటల్లో.

"ఆవిడ మనసు మార్చు ప్రభువా" అని మొదలుపెట్టకండి. అది ప్రార్థన వేషం వేసుకున్న ఫిర్యాదు. ఆవిడ కోసం ప్రార్థించాలంటే ఆవిడకి నిజంగా కావలసినదాని కోసం చేయండి. కొడుకు పరీక్షలు, మోకాలి నొప్పి, ఏదైనా.

వదిలేస్తున్నానని తేల్చుకోవడం

ఆ ప్రార్థన చివర స్పష్టంగా అనుకోండి, ఈ సంగతి అయిపోయింది అని. సామెతలు 17:9 ప్రకారం తప్పును దాచేవాడు ప్రేమను వెదుకుతాడు, జరిగినదాన్ని మాటిమాటికీ ఎత్తేవాడు స్నేహితుల్ని విడదీస్తాడు. అంటే నిర్ణయం ఎత్తడం గురించే. ఆవిడతో ఎత్తను. వచ్చే ఏడాది ప్రేమ విందు కమిటీ మీటింగులో "పోయిన ఏడు ఏం జరిగిందో అందరికీ తెలుసు కదా" అనను. ఇంకొకరితో ఎత్తను.

ఈ ఇంకొకరి దగ్గరే మనం జారిపోతాం. శుక్రవారం స్త్రీల కూటంలో "ఒక ప్రార్థనాంశం ఉందక్కా, పేరు చెప్పను గానీ" అని మొదలవుతుంది. పేరు చెప్పకపోయినా అక్కడున్న పన్నెండు మందికీ తెలిసిపోతుంది. వదిలేసిన సంగతికి ప్రార్థనాంశం ఉండదు. ఎవరితోనైనా చెప్పుకుంటే గానీ మోయలేనంత బరువుగా ఉంటే, అది వదిలేయదగ్గ కోవలోది కాదేమో. అలాంటప్పుడు కింద చెప్పిన దారి పట్టండి.

ఎదురుపడినప్పుడు

మామూలుగా ఉండండి. ఎప్పుడూ ఎలా "వందనాలు" చెప్తారో అలాగే. అతిగా నవ్వకండి, కొత్తగా చేతులు పట్టుకోకండి, మీ మనసులో ఏదో ఉందని అవతలివాళ్ళకి అనుమానం వస్తుంది. ఒక చిన్న మేలు దొరికితే చేయండి. చుట్టపు ఇంట్లో కలిసినప్పుడు ఆవిడ ప్లేటులో కూడా ఒక అరిసె వేయండి.

"నిన్ను నేను క్షమించేశాను" అని మాత్రం అనకండి. తప్పు చేశానని తెలియని మనిషికి ఆ మాట చెంపదెబ్బలా తగులుతుంది. వదిలేసిన సంగతి మీకూ దేవుడికీ తెలిస్తే చాలు.

మళ్ళీ గుర్తొస్తే

గుర్తొస్తుంది. ఉల్లిపాయలు తరిగిన ప్రతిసారీ రావచ్చు. గుర్తు రావడం ఓడిపోవడం కాదు. వచ్చినప్పుడు మళ్ళీ కథ మొదటినుంచి నడపకుండా, "అది తేలిపోయిన లెక్క" అనుకుని చేతిలో పనికి తిరగండి.

కానీ గుర్తు రావడానికీ దాచుకోవడానికీ తేడా గమనించండి. దావీదు కథ ఇక్కడ పనికొస్తుంది, ఆదివారం బడిలో సగమే చెప్తారు. కొడుకు అబ్షాలోముకి భయపడి దావీదు యెరూషలేము విడిచి పారిపోతుంటే షిమీ అనేవాడు వెంటబడి రాళ్ళు విసిరి తిట్టాడు. అబీషై వాడి తల తీస్తానంటే దావీదు వద్దన్నాడు, తిట్టనివ్వమన్నాడు. తిరిగి వచ్చాక షిమీ కాళ్ళ మీద పడితే నీకు మరణశిక్ష లేదని ప్రమాణం చేశాడు. ఎంత గొప్పగా వదిలేశాడు అనుకుంటాం. ఇప్పుడు 1 రాజులు 2:8-9 చదవండి. ఏళ్ళ తర్వాత మరణశయ్య మీద దావీదు సొలొమోనుని పిలిచి, షిమీ తిట్టినదంతా గుర్తుచేసి, వాణ్ణి నెరిసిన తలతో రక్తంలో సమాధికి పంపమని చెప్పాడు. రాజ్యానికి ప్రమాదమని చెప్పాడని కొందరు వ్యాఖ్యాతలు సమర్థిస్తారు. నాకు మాత్రం అది వదలని బాకీలాగే కనబడుతుంది. ఊరుకున్నాడు, వాడి పేరు మాత్రం దాచి ఉంచాడు, కొడుక్కి అప్పగించాడు.

మన ఇళ్ళల్లో కూడా ఇది జరుగుతుంది. తాతగారు పైకి ఏమీ అనరు, పోయేముందు మాత్రం "ఆ పాతపట్నం వాళ్ళని నమ్మకండ్రా" అని చెప్పి పోతారు. ఎందుకో తెలియకుండానే మనవలు ఆ ఇంటివాళ్ళతో మాట్లాడరు. కాబట్టి మిమ్మల్ని మీరు ఇలా పరీక్షించుకోండి: ఈ సంగతి మీ పిల్లలకి చెప్పాలని ఉందా? ఉంటే ఇంకా వదల్లేదు.

దీనికి గడువు కూడా పెట్టుకోవచ్చు. మన బాప్టిస్టు సంఘాలు చాలావాటిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. బల్ల దగ్గరికి వెళ్ళేసరికి అది ఇంకా మండుతూనే ఉంటే, వదిలేసే ప్రయత్నం ఆపి వెళ్ళి మాట్లాడండి.

వెళ్ళి మాట్లాడడం

ఇది ఓటమి అనుకోకండి. వదిలేయడం ఎంత వాక్యానుసారమో ఇదీ అంతే. మత్తయి 18:15 చెప్పినట్టు ముందు ఒంటరిగా, మీరూ ఆ మనిషీ మాత్రమే. తర్వాతే ఒకరిద్దరు, ఆ తర్వాతే సంఘం. మనవాళ్ళు తిరగేసి ముందు సంఘం, తర్వాత ఒకరిద్దరు, చివరికి ఆ మనిషి అని వెళ్తారు. పాస్టరుగారి భార్య ద్వారా కబురు పంపడం కూడా తిరగేసిన దారే.

ఆదివారం వద్దు, ఆరాధన తర్వాత అందరూ చూస్తూ ఉంటారు. మామూలు రోజు సాయంత్రం, వాళ్ళింటికి వెళ్ళండి. పెద్దవాళ్ళయితే వాళ్ళ వరస పెట్టి పిలిచి, ఒక్క సంగతే చెప్పండి. పాతవన్నీ మూటగట్టుకుని వెళ్ళకండి. ఆ అక్క చిన్నదైన తోటికోడలితో ఇలా అనొచ్చు:

"చెల్లీ, ఒక మాట అడగాలని వచ్చేను. క్రిస్మస్ నాడు వంటకి నీ పేరు చదివినప్పుడు నువ్వేమీ అనలేదు. నాకు బాధేసింది. నువ్వేటి అనుకున్నావో నాకు తెలీదు, అందుకే అడుగుతున్నాను."

అంతే. తర్వాత ఆగి వినండి. "అక్కా, నాకప్పుడు సిగ్గేసి నోరు రాలేదు" అని జవాబు రావచ్చు. "అయితే ఏటి, నేను చేయలేదా?" అని కూడా రావచ్చు. రెండోది వస్తే గొంతు పెంచకండి. "నేను చెప్పాల్సింది చెప్పేను" అని లేచి రండి. శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు సమాధానంగా ఉండమని రోమా 12:18 చెప్తుంది. ఆ "చేతనైనంత" మీరు చేశారు. మళ్ళీ మళ్ళీ ఇదే జరిగితే ఒకరిద్దరిని తీసుకుని వెళ్ళడం మీ హక్కు. ఒక్కసారి జరిగిన సంగతే అయితే, ఇప్పుడైనా వదిలేయొచ్చు.

వాళ్ళే వచ్చి అడిగితే

కొన్నిసార్లు మీరు వదిలేసిన ఆరు నెలలకి అవతలి మనిషే వచ్చి "ఆ రోజు తప్పు చేశానక్కా" అంటారు. అప్పుడు మనం వెంటనే "అయ్యో, నేనెప్పుడో మర్చిపోయాను, అదేమీ లేదు" అంటాం. మర్యాద కోసం అన్న ఆ మాటతో ఆవిడ ధైర్యం చేసి తెచ్చిన క్షమాపణ గడపలోనే ఆగిపోతుంది. ఏమీ లేకపోతే ఆవిడ ఎందుకు వచ్చినట్టు? "అవును, అప్పుడు బాధేసింది. తర్వాత వదిలేశాను. నువ్వు వచ్చి అడిగావు, నాకు సంతోషంగా ఉంది" అని చెప్పండి. తర్వాత ఆ విషయం మీద ఇంకేమీ మాట్లాడకండి. వచ్చే క్రిస్మస్ వంటకి ఎన్ని గంటలకి రావాలో మాత్రం ఆవిడకి చెప్పండి, నాలుగింటికి.